నిలువ నీడ ఉంటేనే మందు నిలుస్తుంది: హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ ఇంటి సమస్యల మీద చర్చ

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మందు మానేసినవాళ్ళని "ఎందుకు ఆపారమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు మందు గురించి ఉండదు. ఓనరు ఖాళీ చేయమన్నాడు, అత్తగారింట్లోంచి పంపేశారు, హాస్టల్లో డబ్బా ఎక్కడ దాచాలో తోచలేదు, పనికోసం ఊరు మారాం. అన్నీ ఇంటి మాటలే. మనమేమో మందు ఎంత ముఖ్యమో మళ్ళీ అరగంట చెప్పి పంపిస్తాం.

ఇప్పుడిచ్చే హెచ్‌ఐవీ మందు, టీఎల్‌డీ, రోజుకొక్క బిళ్ళ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. మానకుండా వేసుకుని వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షకు అందనంత తగ్గితే లైంగికంగా ఎదుటివారికి సోకదు. డబ్ల్యూహెచ్‌ఓ 2023లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఒక మనిషికి తాళం వేసుకునే గది దొరికితే, ఆ మనిషి భార్యకో భర్తకో కూడా అది రక్షణే. నివారణ అంటే కండోమూ పరీక్షా మాత్రమే అనుకుంటే ఈ సంగతి జారిపోతుంది.

అద్దె ఇల్లు, ఉమ్మడి ఇల్లు, హాస్టలు, రోడ్డు పక్క బతుకు, తల్లిదండ్రులు పోయిన పిల్లల ఆస్తి. వీటిలో మీకు గట్టిగా తెలిసినది రాయండి. ధైర్యం చెప్పే మాటలు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఏ కాగితం కావాలి, ఏ ఆఫీసుకి వెళ్ళాలి, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవి కావాలి. కౌన్సెలర్లూ, ఊళ్ళలో మందు వాడేవాళ్ళని సెంటరుతో కలిపే లింకు వర్కర్లూ చదివి రేపు వాడుకునేలా ఉండాలి.

ఫార్మసీకిటికీ
డబ్బా సంగతి నేను చెప్తాను.

30 డిగ్రీలు దాటకుండా ఉంచాలని డబ్బా మీదే ఉంటుంది. ఎండాకాలం రేకుల గదిలో అటక మీద పెడితే అది నిప్పుల మీద పెట్టినట్టే. కిటికీ గూడు, టీవీ వెనక, పొయ్యి పక్క అల్మరా కూడా వద్దు. నేలకి దగ్గరగా, ఎండ తగలని గోడవైపు, బట్టల మధ్య ట్రంకు పెట్టెలో పెడితే నయం. చల్లగా ఉంటుంది కదా అని మంచినీళ్ళ కుండ పక్కన పెడుతుంటారు, అక్కడ తేమ చేరుతుంది. ఫ్రిజ్జు అక్కర్లేదు. పది మంది వాడే ఫ్రిజ్జులో పెడితే పది మంది కంటా పడుతుంది కూడా.

డబ్బాలో ఉండే చిన్న పొట్లం తేమ పీల్చడానికి. తీసి పారేయకండి. 30 బిళ్ళల డబ్బా నెలాఖరుకి వచ్చేకొద్దీ గలగలమంటుంది. పక్క మంచం వాళ్ళకి వినబడుతుందన్న భయంతో బిళ్ళలన్నీ పాలిథిన్ కవర్లోకి మార్చేస్తారు. వానాకాలంలో ఆ కవరు తీసి చూస్తే బిళ్ళ చెమ్మపట్టి ఉంటుంది. మార్చక తప్పకపోతే రెండు మూడు రోజులకి సరిపడా బిళ్ళల్ని, బిగుతు మూత ఉన్న చిన్న డబ్బీలోకి తీసుకోండి. మిగతావి అసలు డబ్బాలోనే ఉండనివ్వండి. లేబులు చింపేవాళ్ళని తప్పుపట్టను. చింపేవాళ్ళు మందిచ్చే సెంటరు ఇచ్చిన పచ్చ పుస్తకంలో మందు పేరున్న పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోవాలి. రోడ్డు ప్రమాదమైనా, జ్వరంతో వేరే ఆస్పత్రిలో చేరినా డాక్టరుకి ఏం వాడుతున్నారో తెలియాలి కదా.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. టీఎల్‌డీ రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు. పాత మందులో ఎఫావిరెంజ్ ఉండేది, తల తిరుగుడు వల్ల పడుకునే ముందు వేసుకోమనేవాళ్ళం. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ "రాత్రి తొమ్మిదికి" అని పట్టుకుని, గదిలో నలుగురూ ఉన్నారని డోసు వదిలేస్తున్నారు. డోలుటెగ్రావిర్ తిన్నాకైనా తినకముందైనా పనిచేస్తుంది. గదిలో ఎవరూ లేని పొద్దున ఏడుకో, పనిలో మధ్యాహ్నం పన్నెండుకో మార్చుకోండి. రోజూ అదే వేళకి వేసుకుంటే చాలు. ఐరన్, కాల్షియం బిళ్ళలు వాడేవాళ్ళు మాత్రం వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు.

మంజీర
టీబీ మందు కూడా నడుస్తుంటే రెండో డోసు పడుతుంది కదండీ? హాస్టల్లో ఉండేవాళ్ళకి అదే పెద్ద చిక్కు.

ఫార్మసీకిటికీ
అవునండీ. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ని ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది. అందుకే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకి విడిగా ఇంకో డోలుటెగ్రావిర్ 50 ఇస్తాం. ఒకటి ఉదయం ఏడుకి వేసుకుంటే రెండోది సాయంత్రం ఏడుకి, సరిగ్గా గది నిండుగా ఉండే వేళకి వస్తుంది. మందు రాసేటప్పుడే "ఆ రెండు వేళల్లో మీరెక్కడ ఉంటారు?" అని అడిగి టైము కుదర్చాలి. ఉదయం ఆరున్నర, సాయంత్రం ఆరున్నర పెట్టుకుంటే పనిచోటు వదిలేముందు రెండోది వేసేసుకోవచ్చు. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే రెండో బిళ్ళ పోతోంది.

గాలివెలుతురు
టీబీ మాట వచ్చింది కాబట్టి గది గురించీ చెప్పాలి. అద్దెకి చూసేటప్పుడు ఎదురెదురుగా రెండు తెరుపులు ఉన్న గది చూడమనండి. ఒకవైపు తలుపు, ఇంకోవైపు కిటికీ, కనీసం పైన ఒక వెంటిలేటరు. కిటికీ ఒక్కటే ఉండి అదీ పక్కింటి గోడకి ఆనుకుని ఉంటే లోపలి గాలి కదలదు. అలాంటి గదిలో ఒకరు దగ్గితే మిగతావాళ్ళంతా అదే గాలి పీల్చాలి. వెంటిలేటరుకి దోమల కోసమని అట్టముక్క కొట్టేస్తారు. అది తీసి జాలీ కొట్టండి.

టీబీ లేదని తేలాక ఇచ్చే నివారణ మందు, ఆరు నెలల ఐసోనియాజిడ్, మధ్యలో ఆపకూడదు. ఇల్లు మారినప్పుడు టీఎల్‌డీ గుర్తుపెట్టుకుని దీన్ని వదిలేసేవాళ్ళు ఎక్కువ. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తక్కువున్నవాళ్ళు ఎక్కడ ఉన్నా తాగే నీళ్ళు బుడగలొచ్చేదాకా కాచి చల్లార్చుకోవాలి. పొయ్యి పెట్టనివ్వని గది అద్దెకి తీసుకునేముందు ఇది ఆలోచించుకోవాలి.

కోర్టుమెట్లు
ఇక చట్టం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఇంటికి సంబంధించి మూడు సెక్షన్లు నోటికి రావాలి.

మూడో సెక్షను: ఇల్లు అద్దెకివ్వడంలో, కొనడంలో, ఉండనివ్వడంలో హెచ్‌ఐవీ కారణంగా వివక్ష చూపకూడదు. "ఏ వ్యక్తీ" అని ఉంది కాబట్టి మామూలు ఇంటి ఓనరుకీ వర్తిస్తుంది. విడిగా ఉంచడం, వెలివేయడం కూడా ఇందులోనే నిషేధం.

ఎనిమిదో సెక్షను: కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప తనకి హెచ్‌ఐవీ ఉందో లేదో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఓనరుకి చెప్పాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్ళ మీద లేదు. చెప్పకపోతే మోసం చేసినట్టు కాదు. ఈ మాట జనానికి గట్టిగా చెప్పండి, చాలామంది ఇది తప్పేమోనని కుమిలిపోతుంటారు.

ఇరవై తొమ్మిదో సెక్షను: ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు. ఇంట్లో "ఏ భాగం నుంచీ" బయటపెట్టకూడదు, ఉన్న సౌకర్యాలన్నీ తేడా లేకుండా వాడుకోనివ్వాలి. వేరే కంచం, వేరే గ్లాసు, "ఆ బాత్రూమ్ ముట్టుకోకు", పెరట్లో మంచం వేయడం, ఇవన్నీ ఈ సెక్షను కిందికి వస్తాయి. కంచాల వల్ల, బాత్రూమ్ వల్ల, దోమ వల్ల హెచ్‌ఐవీ సోకదు. ముందు ఆ ముక్క ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి కౌన్సెలరు చెప్తే సగం తగవు అక్కడే తీరుతుంది. అయితే ఆ మనిషి ఒప్పుకుంటేనే చెప్పాలి.

ఫిర్యాదు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఇరుపక్షాల మాటా విని ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు పాటించకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా, ఇంకా మొండికేస్తే రోజుకి 5,000 దాకా. కోర్టు విచారణల్లో అసలు పేరు బదులు మారుపేరు వాడమని అడగొచ్చు, 34వ సెక్షను.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఓనరు ఎప్పుడూ "నీకు రోగం ఉంది, పో" అని రాసివ్వడు. "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు మాకే కావాలి" అంటాడు. కాబట్టి రుజువు మొదటిరోజు నుంచే కూడబెట్టాలి. విషయం ఓనరుకి తెలిసిన తేదీ, ఖాళీ చేయమన్న తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. అద్దె కట్టిన ఫోన్‌పే వివరాలు, వాట్సాప్‌లో వాళ్ళు పెట్టిన వాయిస్ మెసేజీలు చెరిపేయకూడదు. నీళ్ళ మోటారు ఆపితే ఆ రోజే ఫోటో. ఖాళీ చేయించాక పది రోజులకి అదే గేటుకి టు-లెట్ బోర్డు వేలాడితే దాన్ని తేదీతో సహా ఫోటో తీయండి. "మా అబ్బాయి" అన్న మాట ఆ బోర్డు ముందు నిలబడదు.

అపార్టుమెంటు గ్రూపులో పేరుపెట్టి విషం కక్కితే నాలుగో సెక్షను చూడండి. విద్వేషం వ్యాప్తి చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

వెన్నెలవాడ
కోర్టుమెట్లు గారూ, అన్నీ నిజమే. కానీ అద్దె ఇంటి విషయంలో అందరినీ ఫిర్యాదుకి తోయకూడదని నా అభిప్రాయం. అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళేలోపు వీధంతా తెలిసిపోతుందని భయపడేవాళ్ళే ఎక్కువ, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. రెండు నెలల గడువు, అడ్వాన్సు మొత్తం వెనక్కి, ఎవరికీ చెప్పనని ఓనరు ఇచ్చే మాట, ఈ మూడూ సాధించి పక్క పేటకి మారడం కొందరికి మేలు. చట్టమనే కత్తి మన చేతిలో ఉందని ఓనరుకి తెలిస్తే బేరం మన వైపు మొగ్గుతుంది. దూయాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం.

కోర్టుమెట్లు
ఒప్పుకుంటాను. అద్దె ఇంటికి ఆ దారి సరే. సొంత ఇంట్లో, అత్తగారింట్లో మాత్రం రాజీపడి బయటికి వచ్చేశారంటే మళ్ళీ లోపలికి వెళ్ళడం చాలా కష్టం.

పెద్దకర్మ‌తర్వాత
అక్కడే ఆగి మాట్లాడుకోవాలి. భర్త ఎయిడ్స్‌తో పోయాక భార్యని బయటికి పంపడం మన పల్లెల్లో ఎలా జరుగుతుందో చూడండి. పెద్దకర్మ రోజు చుట్టాలంతా ఉంటారు. భోజనాలయ్యాక పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని "నీ ఆస్పత్రి ఖర్చులకి ఇంత ఇస్తాం, పుట్టింటికి వెళ్ళు" అంటారు. స్టాంపు పేపరు ముందే సిద్ధంగా ఉంటుంది. ఆమె ఏడుస్తూనే వేలిముద్ర వేస్తుంది.

లింకు వర్కరు చేయాల్సింది ఆ రోజుకి ముందే. "ఏ కాగితం మీదా సంతకం పెట్టకమ్మా, చదివించుకోకుండా అసలే వద్దు" అని చెప్పాలి. ఒకవేళ వేలిముద్ర పడిపోయినా చేతులెత్తేయకండి. స్థిరాస్తిలో వాటా వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే సాధారణంగా చెల్లదు. ఎక్కడైనా రిజిస్టరు ఆఫీసుకి తీసుకెళ్ళారా అని మాత్రం తప్పక అడగండి.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన భర్త వాటాలో అతని తల్లికీ, భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన భాగాలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించి సర్టిఫికెట్ నాలుగు కాపీలు తీసుకోవాలి. తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ. అందులో భార్య పేరూ పిల్లల పేర్లూ ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి. కోడలి పేరు వదిలేసి దరఖాస్తు పెట్టించడం మామూలుగా జరిగే మోసం. అలా జరిగితే తహసీల్దారు దగ్గర వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇల్లు మామగారి పేరు మీద ఉంటే? వాటా సంగతి తర్వాత, ఉండే హక్కు ముందు. గృహహింస చట్టం 2005లో 17వ సెక్షను ఆ హక్కునిస్తుంది. ఇల్లు భర్త బంధువుల పేరు మీద ఉన్నా ఉమ్మడి నివాసం కావచ్చని 2020 అక్టోబరులో, ప్రస్తుతం ఆ ఇంట్లో ఉండకపోయినా వితంతువుకి ఈ హక్కు ఉంటుందని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళ్తే మేజిస్ట్రేటు కోర్టుకి దరఖాస్తు కదులుతుంది. అర్జంటయితే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: అత్తగారిని ఇంట్లోంచి పంపేయమని ఉత్తర్వు రాదు, ఆడవాళ్ళ మీద అలాంటిది ఇవ్వకూడదని 19వ సెక్షనులోనే ఉంది. ఈమెని ఉండనివ్వమని, గెంటేయవద్దని వస్తుంది. ఆ ఆశతోనే వెళ్ళాలి. మహిళలకి ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోను చేస్తే చాలు. రాత్రికి రాత్రి బయటపడితే మహిళల హెల్ప్‌లైను 181.

ఇంకో మాట. తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు ఆడవాళ్ళ పేరు మీద ఇస్తున్నారు, 5 లక్షల సాయం. ఏపీలో 2020 నుంచి ఇచ్చిన ఇళ్ళ పట్టాలూ ఆడవాళ్ళ పేరు మీదే. భార్యాభర్తలిద్దరూ మందు వాడుతున్న ఇంట్లో అర్హత ఉంటే భర్త బతికుండగానే ఈ దరఖాస్తు పెట్టించండి. ఆమె పేరు మీద కాగితం ఉన్న ఇంట్లోంచి ఆమెని పంపడం ఎవరి తరమూ కాదు.

మంజీర
పెన్షను కూడా అద్దెకి ఆసరాయే. ఏపీలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ) మందు వాడేవాళ్ళకి 2024 జూలై నుంచి నెలకి 4,000, తెలంగాణలో ఆసరా కింద 2,016. పెద్ద ఊళ్ళో ఒక్క గది అద్దెకే ఇది చాలదు. అందుకే సొంత ఊళ్ళో ఉన్న చోటు పోగొట్టుకోకూడదనేది నా బలమైన నమ్మకం.

చికాగోతెలుగు
అమెరికాలో ఈ ఆలోచనకి చట్టమే ఉంది. 1990లో వచ్చిన హాప్వా కార్యక్రమం కింద తక్కువ ఆదాయం ఉన్న హెచ్‌ఐవీ బాధితులకి అద్దె సాయం చేస్తారు. కుటుంబం తన లెక్కగట్టిన ఆదాయంలో 30 శాతం కడితే మిగతాది కార్యక్రమం భరిస్తుంది. ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్ళకి అద్దె, కరెంటు బిల్లు 52 వారాల్లో 21 వారాల దాకా కట్టే వీలూ ఉంది. చికాగోలోనే ఇల్లులేని హెచ్‌ఐవీ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. ఇల్లు, వెంట ఉండి చూసుకునే కేస్ మేనేజరు ఇచ్చినవాళ్ళలో ఏడాది తర్వాత 55 శాతం మంది రోగనిరోధక శక్తి నిలబడి బతికి ఉన్నారు. మామూలు సేవలే అందినవాళ్ళలో అది 34 శాతం. మన దగ్గర కూడా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా వసతి గృహాలు ఎందుకు కట్టకూడదు?

వెన్నెలవాడ
లెక్కలు బాగున్నాయి, మీకు ధన్యవాదాలు. కానీ ప్రత్యేక గృహం అంటే నాకు భయం. ఆ గేటు లోపలికి వెళ్ళిన ప్రతి మనిషి నుదుటా రాసి పెట్టినట్టే. మంచాన పడ్డవాళ్ళకి, ఎవరూ లేనివాళ్ళకి అలాంటి చోటు కావాలి, కాదనను. నడిచి పనికి వెళ్ళగలవాళ్ళకి మాత్రం నలుగురితో పాటు మామూలు వీధిలో ఇల్లే కావాలి. మీరు చెప్పిన అద్దె సాయం ఆ పనే చేస్తోంది కదా, అదే మనం అడగాలి.

ట్రాన్స్‌జెండర్లకి గరిమా గృహాలనే ఆశ్రయాలు ఉన్నాయి. పుట్టింట్లో ఉండే హక్కు వాళ్ళ కోసం వచ్చిన 2019 చట్టం 12వ సెక్షనులో ఉంది. రాత్రికి చోటు కోసం కండోమ్ లేకుండా ఒప్పుకోవాల్సి వచ్చే మనిషికి ఎన్ని పాఠాలు చెప్పినా ఏం లాభం? పడుకునే చోటు దొరికితే ఆ బేరమే ఉండదు.

రాత్రిబస
పట్టణాల్లో నిరాశ్రయుల షెల్టర్ల గురించి. లక్ష జనాభాకి 100 మందికి సరిపడా చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, 24 గంటలూ తెరిచి ఉండాలి, ఇవీ జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ (ఎన్‌యూఎల్‌ఎం) పెట్టిన మార్గదర్శకాలు. పొద్దున ఆరింటికి అందరినీ బయటికి పంపి తాళం వేసే షెల్టరు ఆ నియమం తప్పుతున్నట్టే. మందు వాడేవాళ్ళకి ఇది ప్రాణసంకటం. సంచీ మోసుకుని తిరగాలి, ఎండ, దొంగతనం. షెల్టరులో తాళం వేసే చిన్న అర అడగండి, అందరికీ ఇమ్మని అడగండి, ఒక్కరికే అంటే అనుమానం వస్తుంది. అది కుదరకపోతే డబ్బాని పగటిపూట వచ్చిపోయే డ్రాప్-ఇన్ సెంటరులో ఉంచి, నాలుగు రోజులకోసారి కొన్ని బిళ్ళలు తీసుకెళ్ళే ఏర్పాటు మాట్లాడాలి.

చిరునామా కాగితం లేనివాళ్ళకి గది దొరకదు, ఆధార్ అడుగుతారు. సెక్స్ వర్కర్లకి చిరునామా రుజువు లేకుండానే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) గెజిటెడ్ అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు గానీ ఇచ్చే ధ్రువపత్రం మీద ఆధార్ ఇవ్వాలని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కార్డులో వృత్తి తెలిసే గుర్తు ఏదీ ఉండకూడదు. ఈ ఫారం గురించి అడిగి తెలుసుకోండి.

గోదారిగట్టు
మందిచ్చే ఏఆర్‌టీ సెంటరులో నమోదు ఫారం నింపేటప్పుడు చాలామంది తప్పు చిరునామా ఇస్తారు, ఇంటికి వచ్చి వాకబు చేస్తారని భయం. దానికి కోప్పడకుండా మూడు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది: ఇంటికి రావచ్చా? ఆ ఫోను ఎవరు ఎత్తుతారు? వాళ్ళెత్తితే నేనెవరని చెప్పుకోవాలి? జవాబులు కార్డు మీద రాసుకోండి. "రావద్దు" అన్నవాళ్ళింటికి వెళ్తే, మనమే వాళ్ళని ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టినవాళ్ళమవుతాం.

ఇటుక బట్టీలకీ, బిల్డింగు పనులకీ వలసపోయేవాళ్ళు బయల్దేరే ముందు చెప్తే ఎక్కువ నెలల మందు ఇవ్వొచ్చేమో చూస్తారు, లేదా ట్రాన్స్‌ఫర్ రాసిస్తారు. చెప్పకుండా వెళ్ళిపోయినా పచ్చ పుస్తకం చేతిలో ఉంటే దగ్గరున్న సెంటరుకి వెళ్ళమనండి. ఎక్కడో తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైను 1097.

చిన్నమ్మ
పిల్లల ఆస్తి గురించి అడిగారు కదా. తల్లీతండ్రీ ఇద్దరూ పోయే స్థితి కనిపిస్తుంటే ఆలస్యం చేయొద్దు. అదే 2017 చట్టం 16వ సెక్షను ప్రకారం, ఆస్తి కాగితాలు భద్రంగా ఉంచమని జిల్లా బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వొచ్చు. తల్లి ఇవ్వొచ్చు, సంరక్షకులు ఇవ్వొచ్చు, పిల్లలే ఇవ్వొచ్చు, వాళ్ళ మేలు కోరి ఇంకెవరైనా వెళ్ళొచ్చు. ఇల్లు ఎవరైనా ఆక్రమించినా, ఆక్రమించబోతున్నా ఫిర్యాదు అక్కడే. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైను 1098.

పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి పన్ను రసీదు, పట్టా, కరెంటు బిల్లు, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, ఇంటి ముందు పిల్లలు నిలబడ్డ ఫోటో ఒకటి. ఇచ్చేముందు రెండు జిరాక్సు కట్టలు తీయించండి. ఏయే కాగితం ఇచ్చారో వరసగా రాసి, ఆ జాబితా మీద కమిటీ ముద్ర, తేదీ వేయించుకోండి. ఒక కట్ట అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉండనివ్వండి, రెండోది స్కూల్లో నమ్మకమున్న టీచరు దగ్గర.

మంజీర
ఇంట్లో అక్క పదిహేనేళ్ళది, తమ్ముడు తొమ్మిదేళ్ళవాడు, ఇంకెవరూ లేరనుకోండి. ఆ అక్కని ఏ ఆఫీసులోనూ పట్టించుకోరు కదా చిన్నమ్మగారూ?

చిన్నమ్మ
అదే చట్టంలో 32వ సెక్షను చూపించమ్మా. హెచ్‌ఐవీ బారినపడ్డ కుటుంబాన్ని నడుపుతున్న 12 నుంచి 18 ఏళ్ళ లోపు అక్కో అన్నో, తగిన తెలివితేటలు ఉంటే, తమ్ముడికీ చెల్లికీ సంరక్షకులుగా ఉండొచ్చు. బడిలో చేర్చడం, వైద్యం, బ్యాంకు ఖాతా, ఆస్తి చూసుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. మొదటిసారి ఆఫీసుకి ఆ పిల్లని ఒంటరిగా పంపకు. సెక్షను నకలు చేతికిచ్చి లింకు వర్కరు పక్కన నిలబడాలి, మాట మాత్రం ఆ పిల్లనే మాట్లాడనివ్వాలి.